అచ్చియమ్మ మెట్ల పాచి

అనగనగా కాలవ ఒడ్డున ఒక ఊళ్ళో అచ్చియమ్మ అనే పెద్దావిడ ఉండేది, బంగారం. చిన్నప్పటి నుంచీ ఇటుకలు మోసి బతికిన మనిషి. చెయ్యి గట్టిది, నోరు ఇంకా గట్టిది.

ఆ వానాకాలం వాళ్ళింటి మెట్లకి పాచి పట్టింది. దాని మీదే జారిపడి ఆవిడ మొగుడు వెంకన్న తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఆసుపత్రిలో చాన్నాళ్ళుండి, ఆ సాయంత్రమే ఇంటికొస్తున్నాడు. ఆలోపు మెట్లు శుభ్రపడాలి. మళ్ళీ జారాడంటే ఇంక లేవడు.

చీపురుకి ఆ పాచి లొంగలేదు. అప్పుడు కూతురు కొనిపెట్టిన ప్రెషర్ వాషర్ బయటికి తీసింది. నీళ్ళని గట్టిగా చిమ్మి మురికి వదిలించే మిషనులే. కుళాయికి గొట్టం తగిలించి, స్విచ్చి వేసి, మీట నొక్కింది. నీళ్ళు జుయ్యిమన్నాయి. అంతలోనే ఉసూరుమన్నాయి. మళ్ళీ జుయ్యి, మళ్ళీ ఉసూరు. పాచి కదిలితేనా!

"ఏం, పొద్దున్న తిండి పెట్టలేదా నీకు?" అని మిషన్ని తిట్టింది.

పక్కింటి నూకరత్నం గోడ మీంచి తొంగిచూసింది. "దాన్ని తిడితే ఏమొస్తుందత్తా? నీళ్ళు చిమ్మే మూతిలో నలక ఉందేమో చూడు."

అచ్చియమ్మ స్విచ్చి ఆపింది. మీట నొక్కి లోపలి జోరు వదిలేసింది. మూతి ఊడదీసి, చిల్లులో సూది పెట్టి పొడిచింది. కాస్త సున్నం పొక్కు రాలింది. మళ్ళీ వేసింది. అదే జుయ్యి, అదే ఉసూరు.

ఆ తర్వాత గొట్టం వెంట నడిచింది. రోలు పక్కన మెలిపడి ఉంది. సాపు చేసి చూసింది. కొంచెం నయం, అంతే.

ఎండ గోడ దిగిపోతోంది. "ఇది అమ్మిన షాపువాడు నా కూతుర్ని నిలువునా ముంచాడే!" అని అరిచింది.

అప్పుడు నూకరత్నం చుట్టూ తిరిగొచ్చి కుళాయి దగ్గర వంగింది. "ఇదేంటత్తా, గొట్టానికీ కుళాయికీ మధ్య పంచె గుడ్డ?"

"ఇసుక లోపలికి పోకుండా కట్టాను. రోజూ బిందెకి పట్టేటప్పుడు కట్టడంలా?"

"బిందె నెమ్మదిగా నిండినా ఊరుకుంటుంది. ఇది గుక్క తిప్పుకోకుండా తాగుతుంది. ఇన్ని మడతలేసి దాని గొంతు నొక్కేశావు. ఇసుక ఆపడానికి మిషన్లోనే చిన్న జల్లెడ ఉందిగా!"

అచ్చియమ్మ స్విచ్చి ఆపి, కుళాయి కట్టేసింది. గుడ్డ విప్పింది. దాని నిండా బురద. జల్లెడ కూడా తీసి కడిగి పెట్టింది. తర్వాత మిషను వెయ్యకుండానే కుళాయి తిప్పి, మీట నొక్కి పట్టుకుంది. లోపలి గాలంతా తుప్పుతుప్పుమని పోయి, నీళ్ళు సన్నగా నిలకడగా వచ్చాయి. అప్పుడు స్విచ్చి వేసింది.

జుయ్యి! ఇక ఉసూరు లేదు. పచ్చటి పాచి పొరలుపొరలుగా లేచిపోయింది. కింద గరుకు రాయి తేలింది.

మెట్లు ఆరేసరికి ఆటో వచ్చింది. వెంకన్న చేతికర్రతో దిగాడు. మొదటి మెట్టు దగ్గర ఆగిపోయాడు. కాలు పైకి లేవలేదు.

"ఒట్టి కాళ్ళతో ఎగిరినా జారదయ్యా, రా!" అంది అచ్చియమ్మ.

"ఏదీ, ఎగురు చూద్దాం."

పెద్దావిడ కుచ్చిళ్ళు ఎగదోపి మెట్టు మీద ధబీధబీమని ఎగిరింది. నూకరత్నం పకపకా నవ్వింది. వెంకన్నా నవ్వాడు. ఆ నవ్వులో తనకి తెలియకుండానే కాలెత్తి మెట్టు మీద వేశాడు.

పాచి పోయె కాలవకి,
తాత చేరె గడపకి,
కథ నడిచె కంచికి,
కళ్ళు మూసి మనం నిద్దరకి.