చలికాలపు మేత

సోమయాజులు మాస్టారిని ఏదైనా అడిగితే వెంటనే జవాబు రాదు. ముందు ఏదో ఒక పని అప్పగిస్తారు. ముప్పయ్యేళ్ళు చేపల మీద పరిశోధన చేసి, చింతపల్లి కొండల్లో చిన్న ఇల్లూ, చేపల కుంటా చూసుకుని స్థిరపడిన మనిషి. ఆయన మాటల కోసం కొండెక్కి వచ్చే శిష్యుల్లో నర్సీపట్నం బడిపంతులు పైడిరాజు ఒకడు. మంచివాడే. కాకపోతే ఊరికే ఉండటం అతనికి బొత్తిగా చేతకాదు.

పుష్యమాసపు చలిలో వణుకుతూ వచ్చి, మంచినీళ్ళైనా తాగకుండానే అడిగాడు.

"మాస్టారూ, మనిషి బతికుండగానే మనసు చచ్చిపోతుందా?"

అతని బెంగంతా అన్నయ్య అప్పలస్వామి గురించి. వదిన పోయి మూడు నెలలైంది. అప్పట్నుంచి అన్నయ్య మాట్లాడడు, సరిగా తినడు, గోడ వైపు తిరిగి పడుకుంటాడు. పైడిరాజు అతన్ని భజనలకి తీసుకెళ్ళాడు, చుట్టాలని పిలిపించాడు, ముద్దలు కలిపి నోటికందించాడు. ఏదీ పనిచెయ్యలేదు. మళ్ళీ పెళ్ళి చేస్తే మామూలు మనిషవుతాడని చివరికి ఒక సంబంధం చూసి, ఆదివారానికి పెళ్ళిచూపులు ఖాయం చేశాడు. "నీ ఇష్టంరా" అన్నాడు అన్నయ్య. అన్నయ్యని కూడా పోగొట్టుకుంటానేమోనని పైడిరాజుకి అప్పుడే గట్టిగా భయం పట్టుకుంది.

మాస్టారు అంతా విన్నారు. "నాకు విశాఖపట్నంలో పనుంది. మూడు రోజులు కుంట కాస్త కనిపెట్టుకుని ఉండు" అని బస్సెక్కారు.

పైడిరాజు తెల్లారగానే తవుడూ వేరుశనగ చెక్కా కలిపి కుంటలో వేశాడు. ఒక్క చేపా పైకి రాలేదు. అడుగున నల్లగా, కదలకుండా కనిపిస్తున్నాయి. సాయంత్రం ఇంకో బుట్ట వేశాడు. మర్నాడు రెండు, ఆ మర్నాడు మూడు. "తినండమ్మా, తినండి" అని బతిమాలాడు కూడా. నాలుగో రోజు పొద్దున మంచులో వెళ్ళి చూస్తే కుంటంతా పులిసిన కంపు. చేపలన్నీ పైకి తేలి, నోళ్ళు తెరుచుకుని గాలి కోసం కొట్టుకుంటున్నాయి. ఏడెనిమిది అప్పటికే వెల్లకిలా పడి ఉన్నాయి.

అతని కేకలకి పక్క పొలం సన్నమ్మ పరిగెత్తుకొచ్చింది. వాగు నీళ్ళు కుంటలోకి మళ్ళించి, పాడు నీళ్ళు బయటికి వదిలింది. పైడిరాజు మొలలోతు చన్నీళ్ళలో దిగి, కుళ్ళిన మేతంతా బుట్టలతో ఎత్తిపోశాడు. మధ్యాహ్నానికి మిగిలిన చేపలు మెల్లగా అడుక్కి జారుకున్నాయి.

"పాపం, చలికి పోయాయి" అన్నాడు, చచ్చిన చేపల్ని గట్టున పేరుస్తూ.

"చలికి ఒక్కటీ పోనేదు బాబూ" అంది సన్నమ్మ. "ఏటేటా ఈ చలికి ఇలాగే అడుగున పడుంటాయి. నువ్వేసిన మేతకి పోయాయి."

పైడిరాజు గట్టు మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

సాయంత్రం మాస్టారు వచ్చి, గట్టున పేర్చిన చేపల్ని చూశారు. "నా తప్పూ ఉంది. మేత వెయ్యొద్దని చెప్పి వెళ్ళాల్సింది" అన్నారు. తర్వాత అతని పక్కన చతికిలబడ్డారు.

"చలి ముదిరితే చేప మెదడులో రసాయనాల పాళ్ళే మారిపోతాయి. ఆకలి అణగిపోతుంది, ఒళ్ళు కదలబుద్ధి కాదు. అది చావు కాదు పైడిరాజూ, చలి దాటడానికి దానికున్న దారి. నీళ్ళు వెచ్చబడితే వాటంతటవే పైకొస్తాయి."

"ఎన్నాళ్ళకి?"

"అది మన చేతిలో లేదు."

"అవి కదలకుండా పడుంటే చూడలేకపోయాను మాస్టారూ."

"అయితే ఆ మేత ఎవరి భయం తీరడానికి వేశావు?"

పైడిరాజు ఫోను తీసి, ఆడపిల్ల వాళ్ళకి తప్పు తనదేనని చెప్పుకుని, ఆదివారం రావడం లేదన్నాడు. వాళ్ళు నాలుగు మాటలన్నారు, పడ్డాడు. మర్నాడు బయల్దేరుతూ గుమ్మంలో ఆగాడు.

"దారిలో అన్నయ్యకి కమలాపళ్ళేమైనా కొనుక్కెళ్ళనా మాస్టారూ?"

"వద్దు. ఉత్త చేతులతో వెళ్ళి, ఆయన పక్కన కూర్చో."