కాచి పారేసిన గింజలు

పని ఎగ్గొట్టి, ఎవరూ చూడలేదులే అనుకునేవాడా, ఈ కథ నీకే చెబుతున్నాను. నవ్వకుండా విను.

సముద్రానికి దగ్గర్లో, ఇసుకనేల మీద సోమలింగంగారి ఆశ్రమం ఉండేది. పైడిరాజు అక్కడ మూడేళ్లుగా ఉపదేశం కోసం కాచుకుని ఉన్నాడు. తన వెనక వచ్చినవాళ్లకు కూడా అయిపోయింది. తనకు కాలేదు. ఆ మాటే ఒకరోజు గురువుగారిని అడిగేశాడు.

ఆయన గోడవార చోటు చూపించి, ముప్పై కుంకుడు గింజలు నాటమన్నారు. రాలిన పండుకాయలు ఏరి, గింజ తీసి, పెంకు పలచబడేదాకా ఒక్కొక్కదాన్నీ రాతి మీద అరగదీయాలి. ఒక రోజు నానబెట్టి పాతాలి. మొలకలు వచ్చిన రోజే ఉపదేశం అన్నారు.

నాలుగు గింజలు అరిగేసరికి పైడిరాజు వేళ్లు మండాయి. వంటింటి వెనక, తలంట్లకు కాచి పారేసిన కుంకుడు పిప్పి కుప్పగా ఉంది. అందులో గింజలు నల్లగా నిగనిగలాడుతున్నాయి. అవే ఏరి పాతేశాడు.

"అన్నీ అరగదీశావా నాయనా?"

"తమ దయ, అన్నీ అయ్యాయండి."

గురువుగారు అతని వేళ్ల వైపు చూశారు. నీళ్లు పొయ్యమని వెళ్లిపోయారు.

మూడు నెలలు నూతి నుంచి నీళ్లు మోశాడు. ఒక్క మొలక లేదు. ఇసుకలో ఉప్పుందని, గాలి పడటం లేదని అందరికీ చెప్పుకున్నాడు. వంట చేసే చిట్టెమ్మ వింటూ ఊరుకోలేదు.

"ఆ మడిలోనే తలంటుకో రాజూ, నురగైనా వస్తుంది."

గురువుగారు అతన్ని గోడ అవతలికి తీసుకెళ్లారు. అదే ఇసుక, అదే గాలి. ముప్పై కుంకుడు మొక్కలు జానెడెత్తున నిలబడి ఉన్నాయి. ఆయన తన కుడిచెయ్యి చాపారు. గోళ్లు సగానికి అరిగిపోయి ఉన్నాయి.

పైడిరాజు కాళ్ల మీద పడ్డాడు. తప్పు ఒప్పుకున్నాడు. ఉపదేశం మాత్రం ఆపవద్దని బతిమాలాడు.

ఆయన అరగదీసే రాయి తెచ్చి అతని చేతిలో పెట్టారు.

"ఇక మొలిస్తే చాలదు. కాసిన రోజున రా."

ఈసారి ముప్పై గింజలూ అరగదీశాడు. వేళ్లు చిట్లినా ఆపలేదు. గాలికి తాటాకు దడి కట్టాడు. ఎండాకాలమంతా రెండు పూటలా నీళ్లు మోశాడు. తుపానుకు పోయిన చోటల్లా మళ్లీ పాతాడు. ఎవరు పలకరించినా తల ఎత్తేవాడు కాదు.

తొమ్మిదో ఏట మొదటి చెట్టు కాసింది.

దోసెడు కాయలు పట్టుకుని గురువుగారి సమాధి దగ్గరికి వెళ్లాడు. ఆయన పోయి అప్పటికి రెండు నెలలు.