లినక్స్‌ను తీసేసిన ఓబులేసు

ధర్మవరంలో పట్టుచీరల అంచులకు డిజైన్లు గీసే ఓబులేసుకు, తనకు పనికిరానిది ఎవరికీ పనికిరాదని గట్టి నమ్మకం ఉండేది.

అతనూ, అక్క చౌడేశ్వరీ ఒకే కంప్యూటర్ వాడేవారు. తమ్ముడు విండోస్‌లో గీసేవాడు, అక్క అదే కంప్యూటర్‌లో ఉన్న లినక్స్ అనే మరో వ్యవస్థలో గీసేది. ఆన్ చేయగానే ఆ రెండింటిలో ఏది తెరవాలని కంప్యూటర్ అడిగేది. ఆ కాస్త ఆలస్యానికే ఓబులేసు కొంప మునిగినట్టు విసుక్కునేవాడు.

ఒకసారి అతని డిజైన్లకు విండోస్‌లో చోటు చాలలేదు. అక్క బంధువుల పెళ్లికని కదిరి వెళ్లింది. ఫోన్ చేసి అడగవచ్చు. ఆ మహానుభావుడు అడగలేదు. లినక్స్ ఉన్న భాగాన్ని చెరిపేసి, ఆ చోటు తన విండోస్‌లో కలుపుకుని, దాన్నిండా పాత ఫోటోలు నింపి డిజైన్లకు చోటు చేసుకున్నాడు. ఇల్లు సర్దుకున్నంత హాయిగా అనిపించింది.

మర్నాడు కంప్యూటర్ ఆన్ చేస్తే నల్లటి తెర మీద ఒక ఇంగ్లీషు ముక్క తప్ప ఏమీ రాలేదు. విండోస్ కూడా తెరుచుకోలేదు. తన డిజైన్లన్నీ పోయాయనుకుని ఓబులేసుకు గుండె జారిపోయింది.

అక్క తిరిగి వచ్చి చూసింది. ఏది తెరవాలని అడిగే చిన్న ప్రోగ్రాం లినక్స్ భాగంలోనే ఉండేదని, విండోస్ తనంతట తాను తెరుచుకునేలా ముందు ఏర్పాటు చేసుకుని, ఆ తర్వాతే లినక్స్‌ను తీయాలని చెప్పింది. విండోస్ డిస్కు పెట్టి, విండోస్ తెరుచుకునే దారి సరిచేసింది. అతని డిజైన్లన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి.

"బతికిపోతి కదక్కా" అన్నాడు ఓబులేసు.

"నువ్వు బతికితివి. నారాయణప్ప మగ్గానికని నేను గీసిన కొత్త అంచు ఆ లినక్స్‌లోనే ఉండె. ఇంకో చోట దాచుకోలేదు. దానిమీద నీ ఫోటోలు ఎక్కినాయి, ఇంక రాదు. అడిగింటే చెప్పేదాన్ని కదరా" అంది చౌడేశ్వరి.

ఓబులేసుకు తల కొట్టేసినట్టయింది. ఆ సంగతి తనే వెళ్లి నేతగాడు నారాయణప్పకు చెప్పాడు. ఆయన అప్పటికే మగ్గం మీద పడుగు దారాలు ఎక్కించుకుని అంచు డిజైన్ కోసం ఎదురు చూస్తున్నాడు. ఆయన తిట్టలేదు. మగ్గం మీద గుడ్డ కప్పాడు.

"మళ్లీ గీసేదాకా ఇంకొకరి మగ్గం మీద కూలికి పోతాలే నాయనా" అన్నాడు.

ఆ మాట తిట్టుకన్నా ఎక్కువగా తగిలింది. ఆ అంచు పూర్తయ్యేదాకా ఓబులేసు తన పని పక్కన పెట్టి, అక్క చెప్పినట్టు గీస్తూ కూర్చున్నాడు.

నీతి: మనకు అక్కర్లేదని దేన్నయినా తీసేసే ముందు, దాని మీద ఎవరి పని ఆధారపడి ఉందో అడిగి తెలుసుకోవాలి.