ఆషాఢంలో ఆగిన తిరగలి

అనగనగనగా ఒక ఊళ్ళో, ఊరి పేరడక్కండర్రా, నాకు జ్ఞాపకం లేదు, బ్రహ్మలింగమని ఒక వడ్రంగి ఉండేవాడు. పనిమంతుడే గానీ ఒక పిచ్చి పట్టుకుంది. మనిషి తిప్పకుండా, ఎద్దు లాగకుండా, దానంతటదే తిరిగే చక్రం చెయ్యాలని. చేశాడు కూడా. చక్రం నిండా అరలు, అరల్లో ఇనప గుళ్ళు. దాన్ని తెచ్చి తిరగలికి తగిలించాడు. గుండు జారితే చక్రం తిరుగు, చక్రం తిరిగితే తిరగలి తిరుగు, తిరగలి తిరిగితే పిండి రాలు, ఈలోగా ఇంకో గుండు జారు, గుండు జారితే చక్రం తిరుగు... ఇలా ఊరంతా పాడుకుంటూ తిరిగాడు. ఊ కొడుతున్నారా? కొట్టకపోతే ఆగిపోతాను, నాలో గుళ్ళేం లేవు.

రోజూ పడుకునే ముందు జొన్నలు పోసి, చక్రాన్ని ఒక్క తోపు తోసి, మురిసిపోయి మంచమెక్కేవాడు. తెల్లారేసరికి పళ్ళెం నిండా పిండి. ఇంకేం, మీసం మెలెయ్యడమే.

అసలు సంగతేమిటంటే, ఆయన గురక మొదలవకముందే చక్రం ఆగిపోయేది. పొద్దున్నే రొట్టెలకి పిండి కావద్దూ? కొత్తగా కాపురానికొచ్చిన కోడలు వరహాలు తొలికోడికి లేచి, చక్రం ఊడదీసి, పిడి పట్టుకుని విసిరి, మళ్ళీ తగిలించేది. మామగారికి చెప్పి చూసింది. నా చక్రమంటే నీకు కుళ్ళన్నాడు. మొగుడికి చెప్పింది. మా నాన్న అబద్ధమాడడన్నాడు ఆ మహానుభావుడు. విసరడం మానెయ్యొచ్చుగా అంటావేమే? మానేస్తే తిట్లెవరికి? చక్రానికి దిష్టి పెట్టిందని ఈవిడకే.

ఇంతలో ఆషాఢం వచ్చింది. కొత్త కోడలు పుట్టింటికి వెళ్ళే నెల. పైగా వాళ్ళమ్మకి ఒంట్లో బాగోలేదని కబురొచ్చింది. వెళ్ళొస్తానండీ అంటే బ్రహ్మలింగం ఒప్పుకోలేదు. పుట్టింటికెళ్ళేది విశ్రాంతికి కదా, చక్రం అన్నీ విసిరిపెడుతుంటే నీకిక్కడ పనేముంది, ఇక్కడే కూర్చో అన్నాడు. ఆనవాయితీ లేదు, గీనవాయితీ లేదు. అమ్మని చూస్తానో చూడనో అని ఆ పిల్ల కుమిలిపోయింది. ఇక్కడికొచ్చేసరికి నాకు ఒళ్ళు మండుతుంది.

ఈ చక్రం గొడవ రాజుగారి చెవిన పడింది. కోటలో పిండి విసిరే ఆడవాళ్ళు నలభై మంది. వాళ్ళందర్నీ మాన్పించేసి చక్రాలు పెట్టిద్దామని ఆయన ఆశ. పరివారంతో సహా వడ్రంగి ఇంటికొచ్చి కూర్చున్నాడు. నా కళ్ళముందు తిరిగితే నీకు మాన్యం, ఆగితే నీకు గుండు, గాడిద మీద ఊరేగింపు అన్నాడు.

బ్రహ్మలింగం ధీమాగా తోశాడు. గుండు జారింది, చక్రం తిరిగింది. గుండు జారింది, చక్రం మూలిగింది. గుండు జారలేదు, చక్రం ఆగింది. మళ్ళీ తోశాడు, మళ్ళీ అంతే. రాజుగారు మంగలిని పిలవమన్నాడు. బ్రహ్మలింగం రెండు చేతుల్తోనూ జుట్టు పట్టుకున్నాడు.

అప్పుడు వరహాలు ముందుకొచ్చింది. "మహాప్రభూ, ఇది కొత్త కోడలండి. ఆషాఢానికి పుట్టింటికి పంపలేదని అలిగింది" అంది.

తిరగలికి పుట్టిల్లేమిటని రాజుగారు విసుక్కున్నాడు.

"దీన్ని తిప్పే గుళ్ళు చక్రంలో లేవండి, ఇక్కడున్నాయి" అని రెండు అరచేతులూ చాపింది. చేతుల నిండా బొబ్బలు.

రాజుగారు పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ ఆ నలభై మంది చేతులు గుర్తొచ్చి, నవ్వాపేశాడు.

వరహాలుని సారెతో పల్లకీలో పుట్టింటికి పంపించాడు. బ్రహ్మలింగానికి గుండు తప్పింది గానీ, కోడలు తిరిగొచ్చేదాకా పిండి ఆయనే విసరాలని ఆజ్ఞ. కోటలో నలభై మందికీ నెల సెలవు. అక్కడెవరు విసిరారంటావా? రాజుగారి బావమరుదులు. ఊరికే తిని కూర్చునేవాళ్ళేగా.

కూతుర్ని చూడగానే వాళ్ళమ్మ లేచి కూర్చుంది. నెల తిరిగి వరహాలు అత్తారింటికొచ్చేసరికి మామగారు గుమ్మంలోనే ఎదురొచ్చాడు. తన రెండు చేతులూ చాపి చూపించాడు. వరహాలు లోపలికెళ్ళి వెన్న తెచ్చి రాసింది. ఆ తర్వాత ఆ ఇంట్లో మామా, మొగుడూ, కోడలూ వంతులేసుకుని విసురుకున్నారు.

అందుకని, ఇంట్లో ఏదైనా దానంతటదే అయిపోతోందనిపిస్తే లేచి వెళ్ళి చూడండర్రా, ఎవరో చేస్తూ ఉంటారు. కథ కంచి దారి పట్టింది, మీరు దుప్పట్లోకి దూరండి.