యుద్ధనౌక ఎక్కిన పైడమ్మ

అనగనగా, సముద్రం గుమ్మందాకా వచ్చి చూసిపోయే ఒక ఊళ్ళో పైడమ్మ అని ఒక జాలరి ముసలమ్మ ఉండేది. ఆవిడకి ఒక్కడే కొడుకు, లోవరాజు. వాడు యుద్ధనౌకలో పనికి కుదిరాడు. విమానాలు మోసే ఓడ నాన్నా అది. విమానం ఎగిరేముందు చక్రాల కింద అడ్డుదిమ్మలు లాగెయ్యడం వాడి పని.

ఒకనాడు విమానం గాలి వాణ్ణి తోసేసింది. ఓడ మీంచి సముద్రంలో పడిపోయాడు. ఎంత వెతికినా శవం దొరకలేదు.

పైడమ్మ నమ్మిందా? నమ్మలేదు. తెప్ప మీంచి పడ్డవాడు మళ్ళీ తెప్ప ఎక్కెయ్యడా, జాలరి బిడ్డకి ఈత రాదా, ఎక్కడో ఒడ్డెక్కే ఉంటాడంది. దినవారాలు చెయ్యనివ్వలేదు. కోడలు నూకరత్నం అప్పటికి చిన్నపిల్ల. వాళ్ళలో మారుమనువు ఉంది. కానీ అడగడానికి వచ్చినవాళ్ళందరినీ పైడమ్మ చీపురుతో తరిమింది. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు, మొండి తల్లి సంగతి ఇంక చెప్పాలా?

ఏళ్ళు గడిచాయి. ఓడ ముసలిదైపోయింది. అప్పుడు దాన్ని లాక్కొచ్చి ఒడ్డున కట్టేసి, జనం చూడ్డానికి మ్యూజియం చేశారు. ఓడ వచ్చిందంటే వాడూ వచ్చే ఉంటాడని, పైడమ్మ కోడల్ని వెంటబెట్టుకుని టికెట్టు కొనుక్కుని ఎక్కింది. పిచ్చి కాదు నాన్నా, కన్నకడుపు.

ముందు భోజనాల గదికెళ్ళింది. బల్లల ముందు నావికుల బొమ్మలు కూచున్నాయి. ఒక్కో మొహమే తడిమి చూసింది. వాడు లేడు.

ఆ తర్వాత పడకల గదికెళ్ళింది. ఒకదాని మీద ఒకటి ఇనప పడకలు, కాళ్ళు చాపుకోను చోటు లేదు. పేరు పెట్టి పిలిచింది. చూడ్డానికొచ్చిన పిల్లలు నవ్వారు. ఎవరూ పలకలేదు.

ఆ తర్వాత మెట్లెక్కి పైకెళ్ళింది. అక్కడ రెక్కలు మడిచిన విమానాలున్నాయి. పైడమ్మ వాటిని చూడలేదు. అంచున కమ్మీ పట్టుకుని కిందకి వంగి చూసింది.

ఆవిడ ఆ ఓడని ఎప్పుడూ దూరం నుంచే చూసింది, గోరంత కనపడేది. ఆవిడకి తెలిసిన తెప్పలన్నీ మోకాలెత్తు. ఇక్కడ చూస్తే తాటిచెట్టు చివర నిలబడ్డట్టుంది. అక్కడే కూలబడింది.

"ఓలమ్మీ, ఇంతెత్తు నుంచి పడితే అది నీరు కాదే, రాయి. ఆడు ఈదనేదే" అంది.

నూకరత్నం ఉలిక్కిపడలేదు. అప్పుడు పైడమ్మకి అనుమానం వచ్చింది. నీకు ముందే తెలుసా అని అడిగింది.

"ఆడు పోనాడని నాకా దినమే తెలుసత్తా. నువ్వొక్కదానివీ కూకుని ఎదురుచూత్తావని ఉండిపోనాను."

వెళ్ళిపోవే, మనువాడి సుఖపడవే అందామని పైడమ్మ నోరు తెరిచింది. అప్పుడు చూసింది కోడలి వైపు. నూకరత్నం తల నెరిసిపోయింది.

పైడమ్మ నోరు మూసుకుంది. కోడల్ని ఒళ్ళోకి లాక్కుని ఏడ్చింది. కొడుకు కోసం కొంత, కోడలి కోసం ఎక్కువ.

కథేమో కంచి దారి పట్టింది,
కెరటం కూడా కళ్ళు మూసింది,
పోయినవాణ్ణి కడలి దాచింది,
పడుకో నాన్నా, పొద్దుపోయింది.