మాస్టారి చెవి మిషను

కడపలో ఖాదర్‌వలీ మాస్టారు నడిపే కంప్యూటర్ బడిలో పురంధర్ అని ఒక శిష్యుడు ఉండేవాడు. తెలివైనవాడే, కాకపోతే పట్టుదల మరీ జాస్తి. "లోపలేముందో చూడనివ్వని ప్రోగ్రామును నా కంప్యూటర్లో పెట్టను" అని ఆ బడిలో చేరినవాళ్లంతా మొదటిరోజు మాట ఇస్తారు. మిగతావాళ్లు మాట ఇచ్చి తమ పని తాము చూసుకున్నారు. ఇతగాడు దాన్ని నెత్తికెక్కించుకున్నాడు.

ఒక ఆదివారం పనిగట్టుకుని కూర్చుని, బడిలోని కంప్యూటర్లన్నీ గాలించి, లోపల ఎవరూ చూడకుండా కంపెనీలవాళ్లు తాళం వేసి ఇచ్చిన డ్రైవర్లన్నీ పీకిపారేశాడు. డ్రైవరంటే ఏం లేదు, కంప్యూటరు చెప్పేది ప్రింటరుకు అర్థమయ్యేలా చేసే చిన్న ప్రోగ్రాము. "ఇప్పుడు మన బడి కడిగిన ముత్యం!" అని తనలో తనే మురిసిపోయాడు.

సోమవారం పొద్దున్నే సలోమి వచ్చింది. చూపులేని పిల్ల, ఇంటర్ చదువుతోంది. మరునాడే చరిత్ర పరీక్ష. వేళ్లతో తడిమి చదువుకునేలా పాఠాలు అచ్చువేసే బ్రెయిలీ ప్రింటరు ఊరు మొత్తానికి ఆ బడిలోనే ఉంది. ఆరోజు అది ఎంత నొక్కినా ఉలకలేదు, పలకలేదు.

"దాని డ్రైవరు తీసేసినా చెల్లీ. అది తాళం వేసిన సరుకు. ఎవరైనా తాళం లేనిది రాసేదాకా ఆగాల," అన్నాడు పురంధర్.

"రేపే కదన్నా పరీక్ష! నేనేం చదువుకోవాల?" అంది ఆ పిల్ల.

పురంధర్ గుండె కలుక్కుమంది. అయినా ఇచ్చిన మాట ఎట్లా తప్పేది? నేరుగా మాస్టారి గదిలోకి పోయాడు. ఆ పిల్లా గోడ పట్టుకుని వెనకాలే వచ్చింది.

"సార్, మీరే చెప్పండి. నియమం తప్పమంటారా?"

బయటి మాటలన్నీ మాస్టారి చెవిన పడే ఉన్నాయి. ఆయన చెవిలోని వినికిడి మిషను తీసి బల్లమీద పెట్టాడు.

"దీంట్లో ఉండేదీ కంపెనీ ప్రోగ్రామే నాయనా. లోపలేముందో నన్నూ చూడనియ్యలేదు. అందుకే తీసేసినా. ఇప్పుడు చెప్పు, వింటా."

పురంధర్ చెప్పడం మొదలుపెట్టాడు. స్వేచ్ఛ అన్నాడు, హక్కు అన్నాడు, మొదటిరోజు మాట అన్నాడు. మాస్టారు అతని మొహంలోకి చూస్తూ చిన్నగా నవ్వుతున్నాడు. పురంధర్ గొంతు పెంచాడు. ఇంకా పెంచాడు.

"అరవొద్దన్నా," అంది సలోమి గుమ్మం దగ్గర్నించి. "ఆయనకు వినపడదు."

పురంధర్ ఠక్కున ఆగిపోయాడు. తల వంచుకుని వెనక్కి పోయి, తీసేసిన డ్రైవరును మళ్లీ పెట్టాడు. ప్రింటరు టకటకా మొదలైంది. మొదటి కాగితం మీద సలోమి వేళ్లు పరుగెత్తాయి.

"వచ్చిందన్నా! శాతవాహనుల పాఠమే!"

"హమ్మయ్య!" అని పురంధర్ అక్కడే నేలమీద చతికిలబడ్డాడు. నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. కాసేపటికి లేచి మాస్టారి గదిలోకి పోయి, బల్లమీది చెవి మిషను తీసి రెండు చేతులతో మాస్టారికి అందించాడు.

మాస్టారు దాన్ని చెవిలో పెట్టుకున్నాడు. "ఏందో చెప్తాంటివే?"

"ఏం లేదు సార్."

"ఏం లేదంటే ఎట్లప్పా? రేపు ఆ పిల్ల పరీక్ష రాస్తుంది. ఎల్లుండి నుంచి నువ్వు ఆ తాళం లేని డ్రైవరు రాయి."