బెల్లం వండే గౌరీసు మెంతులు తిన్న కథ

అనగనగా, నువ్వు ఊఁ కొడతానంటేనే చెబుతాను, చెరుకు తోటల నడుమ ఒక ఊళ్ళో గౌరీసు అని ఒక తాత ఉండేవాడు. బెల్లం వండడంలో ఆయనకి సాటి లేదు. పెద్ద ఇనప పెనంలో చెరుకు రసం పోసి, కింద మంట పెట్టి కుతకుతా ఉడికిస్తుంటే ఆ వాసన పక్కూరిదాకా కొట్టేదిట!

మరి పాకం కుదిరిందని ఎలా తెలిసేది? గౌరీసు నాలుకే చెప్పేది. నురగ పొంగితే ఒకసారి నాకేవాడు. పాకం ముదిరితే ఇంకోసారి. దిమ్మ కట్టేముందు మరోసారి. అలా రోజుకి మూడు పెనాలు!

దాంతో వాళ్ళ నాన్నకి ఉన్న జబ్బే ఈయనకీ వచ్చి పడింది. ముందు దాహం పట్టుకుంది. చెంబుడు నీళ్ళు తాగినా గొంతు ఎండిపోయేది. ఆ తర్వాత నీరసం వచ్చింది. గరిట ఎత్తలేకపోయాడు. ఆ తర్వాత, నవ్వకూ, ఆయన ఒంటికి వెళ్ళిన చోట చీమలు బారులు కట్టాయి!

ఆ చీమల్ని చూసి ఆయన భార్య నూకాలు, "ఏటయ్యా ఇది? ఆస్పత్రికి ఎల్దాం, పద!" అని లాక్కుపోయింది.

డాక్టరమ్మ రక్తం పరీక్ష చేసి, "తాతా, మీకు షుగరుంది. రోజూ అన్నం తిని ఈ బిళ్ళ వేసుకోవాలి. ఇక పాకం నాకకూడదు" అంది.

గౌరీసుకి గుండె జారిపోయింది. "నాకకుండా బెల్లం ఎలా వండాలమ్మా? రైతులు చెరుకు ఇంకొకడి దగ్గరికి తోలుకుపోరూ?" అన్నాడు.

అప్పుడు డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. "మెంతులు ఒక చెంచాడు రాత్రి నానబెట్టుకుని పొద్దున్నే నమలండి. ఆ జిగురు ఉంది చూశారూ, తిన్నది నిదానంగా అరిగేట్టు చేస్తుంది. చక్కెర ఒక్కసారిగా రక్తంలోకి దూకదు. అయితే మెంతులు మందుకి తోడు మాత్రమే. ఎక్కువ తినొద్దు. ఎప్పుడైనా చెమటలు పట్టి చేతులు వణికితే చక్కెర మరీ పడిపోయినట్టు. వెంటనే తీపి నోట్లో వేసుకోండి."

గౌరీసు మెంతుల దాకానే విన్నాడు. మిగతాదంతా నూకాలు వింది.

మొదటి రోజు చెంచాడు తిన్నాడు. రెండో రోజు గుప్పెడు తిన్నాడు. "చెంచాడే మంచిదైతే, గుప్పెడుకి జబ్బు పారిపోదూ!" అని సంబరం. ఒళ్ళంతా మెంతుల వాసనే. "నీ పక్కన కూకుంటే పోపు పెట్టినట్టుందయ్యా" అంది నూకాలు.

మూడో రోజు ఆవిడ చూడకుండా రెండు గుప్పెళ్ళు నమిలేశాడు! కడుపు బిర్రుగా ఉందని చద్దన్నం ముట్టలేదు. బిళ్ళ మాత్రం వేసేసుకుని పెనం దగ్గరికి వెళ్ళాడు.

ఇక చూడు! పెనంలో పాకం కుతకుతా ఉడుకుతోంది. గౌరీసుకి చెమటలు కారాయి. చేతులు వణికాయి. ఒక పెనం రెండు పెనాలై కనిపించింది. గరిట జారింది. పెనం మీదికే తూలాడు!

పొయ్యిలోకి చెరుకు పిప్పి ఎగదోస్తున్న నూకాలు ఒక్క గెంతు గెంతి పంచె పట్టుకుని వెనక్కి లాగింది. ఇద్దరూ పిప్పి కుప్ప మీద దబ్బున పడ్డారు. వెంటనే ఆవిడ పక్కనున్న దిమ్మలోంచి ఒక బెల్లం ముక్క విరిచి ఆయన నోటికి అందించింది.

"వద్దే... నాకు షుగరు..."

"నోరు మూసుకుని నములు! డాక్టరమ్మే చెప్పింది!"

గౌరీసు నమిలాడు. కాసేపటికి వణుకు తగ్గింది. ఆ తర్వాత చూపు తేటపడింది. ఆ తర్వాత నూకాలు చెయ్యి పట్టుకుని ఏడ్చేశాడు. "సగం మాట విని పెనంలో పడిపోయేవాడినే, నూకాలూ!"

ఆ రోజు నుంచి మెంతులు చెంచాడే. అది కూడా నూకాలు కొలిచి పెట్టిందే. వేళకి తిండి, తిన్నాక బిళ్ళ, సాయంత్రం చెరుకు తోట గట్టు మీద నడక. మూడు నెలలకి డాక్టరమ్మ మళ్ళీ పరీక్ష చేసి, "షుగరు బాగా దిగింది తాతా! ఇవన్నీ కలిసి పనిచేశాయి, ఏదీ మానొద్దు" అంది.

మరి బెల్లం? నాకకుండా వండిన మొదటి పెనం మాడిపోయింది. రెండోది ముదరక దిమ్మలు కూలబడ్డాయి. చూస్తున్న రైతులు గుసగుసలాడారు. ఒకడు బండి కూడా కట్టేశాడు!

మూడో పెనానికి గౌరీసు చెవి ఒగ్గాడు. కుతకుత కాస్తా టపటపగా మారింది. చటుక్కున ఒక బొట్టు చన్నీళ్ళ గిన్నెలో వేశాడు. వేలికి గట్టి ఉండలా తగిలింది. "దించండి!" అని కేకేశాడు.

దిమ్మ ఆరింది. నూకాలు ఒక ముక్క నోట్లో వేసుకుంది. అందరూ ఆవిడ చుట్టూ మూగారు.

"ఓలమ్మో!" అని ఆవిడ ఒక్క అరుపు అరిచింది. "ఇన్నేళ్ళూ నాకి నాకి వండినా, ఇంత బాగా ఎప్పుడూ కుదర్లేదయ్యా!"

బండి కట్టినవాడు ఎద్దుల్ని విప్పేశాడు. గౌరీసు పిప్పి కుప్ప చుట్టూ గంతులే గంతులు!

బెల్లం చేరె బుట్టలోకి,
బంగారం చేరె దుప్పట్లోకి,
కథ వెళ్ళె కంచికి,
కునుకు వచ్చె కంటికి!